కాన్పుకు వెళ్ళినవాళ్ళ లెక్క

తొంభైల చివర్లో నేను అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థలో రిజిస్టర్లు రాసేవాణ్ణి. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. లెక్క మాత్రం కరువు పనుల్లో నేర్చుకున్నాను. కూలీలు తవ్విన గుంతల పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఎవరికి ఎంత పని పడిందో రాయడం అప్పట్లో నా ఉద్యోగం. గుంత నడుమ పాత నేల మట్టం తెలియడానికి ఒక మట్టి దిబ్బను తవ్వకుండా వదిలేవాళ్ళు. దాని తలమీద రెండు గంపల మట్టి పోసి, నీళ్ళు చల్లి, లోతు ఎక్కువ చూపించేవాళ్ళు కొందరుండేవాళ్ళు. దిబ్బ పైన గడ్డివేర్లు ఉన్నాయో లేవో చూసి పట్టుకునేవాణ్ణి. నన్ను తిట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. తక్కువ కొలిచానని అన్నవాళ్ళు మాత్రం లేరు. ఆ మాట విని సంస్థను నడిపే డాక్టరమ్మ నన్ను పిలిపించి పని ఇచ్చింది.

డాక్టరమ్మ ఆలోచన ఒకటుండేది. మా సంస్థ వాళ్ళు అప్పటిదాకా ఊళ్ళకు విడివిడిగా వెళ్ళేవాళ్ళు. పిల్లలకు సూదులు వేసేవాళ్ళది ఒక రోజు, గర్భిణులను చూసేవాళ్ళది ఇంకో రోజు, దగ్గు జబ్బుకు మందులిచ్చేవాళ్ళది మరో రోజు, కళ్ళు చూసేవాళ్ళది నాలుగో రోజు. కూలికి పోయే మనిషికి నెలలో నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండడం కుదరదు. కడుపుతో ఉన్న కోడలు, చంకలో బిడ్డ, దగ్గే మామ, చూపు తగ్గిన అత్త ఒకే ఇంట్లో ఉంటే, ఆ ఇంటివాళ్ళు నాలుగు రోజుల్లో ఒకటో రెండో వచ్చి మిగతావి మానేసేవాళ్ళు. అందుకని ఆమె మడకశిర వైపు పదకొండు ఊళ్ళు ఎంచుకుని, నెలకు ఒకే రోజు, ఒకే చోట, అందరినీ కలిపి చూసే పద్ధతి పెట్టింది. ప్రతి తల్లికీ మడత పెట్టిన ఒక అట్ట చీటీ ఇచ్చేవాళ్ళు. తల్లికి పడాల్సిన సూదులు, కాన్పు, బిడ్డకు పడాల్సిన సూదులు అన్నీ ఆ ఒక్క చీటీ మీదే. జనం ఆ రోజును చీటీ దినం అనేవాళ్ళు. పక్కనే ఉన్న ఇంకో పది ఊళ్ళలో పాత పద్ధతే నడిచింది. రెండేళ్ళ తర్వాత రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. కొత్త పద్ధతి మేలనిపిస్తే అన్ని ఊళ్ళకూ వస్తుంది, లేకపోతే పదకొండు ఊళ్ళలోనూ ఆగిపోతుంది, దాని కోసం తీసుకున్న ఊరి ఆరోగ్య కార్యకర్తలు మళ్ళీ కూలికి పోతారు. డబ్బు ఇచ్చేవాళ్ళ షరతు అది.

రెండు రకాల ఊళ్ళకూ రిజిస్టర్లు గీసింది నేనే. ఊరికొక పుస్తకం, మనిషికొక పేజీ. ఎవరూ మోసం చేయకుండా ఒక నియమం పెట్టాను. మనిషి వరుసగా మూడు నెలలు రాకపోతే పేజీకి అడ్డంగా ఎర్ర సిరాతో గీత కొట్టాలి. ఆమె నడుమలో మానేసినట్టు లెక్క. ఒకసారి గీత పడితే తీయడానికి లేదు. ఆ నియమం గురించి నాకు చాలా గొప్పగా ఉండేది. రాని మనిషిని వచ్చినట్టు రాసే దొంగ లెక్కలు నేను చాలా చూసి ఉన్నాను.

రెండేళ్ళు నిండాక లెక్క చూడడానికి హైదరాబాదు నుంచి ఒక సారు వచ్చాడు. మెల్లగా మాట్లాడే మనిషి. నాలుగు రోజులు మా ఆఫీసులో నా ఎదురుగానే కూర్చుని ప్రతి పేజీ తిప్పాడు. నా గీతలు చూసి, ఇంత శుభ్రమైన రిజిస్టర్లు తాను ఎక్కడా చూడలేదని అన్నాడు. ఆ పూట నేను అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

ఐదో రోజు ఫలితం చెప్పాడు. దగ్గు జబ్బు వాళ్ళ లెక్క బాగుంది. కళ్ళ లెక్క బాగుంది. తల్లుల దగ్గరే దెబ్బతింది. ఖర్చులో పెద్ద వాటా వాళ్ళదే. కొత్త పద్ధతిలో మొదటి నుంచి చివరి దాకా అన్నీ అందిన తల్లులు నూట పదమూడు మంది. ఎర్ర గీతలు ఎనభై మూడు. అన్నీ అందిన ఒక్కో తల్లికి పడిన ఖర్చు చూస్తే, కొత్త పద్ధతిది పాతదానికంటే పదోవంతు ఎక్కువ. అంటే నాలుగు పనులు ఒకే రోజు చేసి కూడా మేము ఖర్చు పెంచామే కానీ తగ్గించలేదు.

డాక్టరమ్మ నా వైపు తిరిగి కూడిక సరిగ్గా ఉందా అని అడిగింది. సారు ఎదుటే మళ్ళీ కూడాను. సరిగ్గానే ఉంది. ఆ మాటే చెప్పాను. ఆమె ఊరి కార్యకర్తలందరినీ మర్నాడు పిలిపించమంది. ఆపేస్తున్నామన్న మాట వాళ్ళు తన నోటే వినాలని ఆమె పట్టుదల.

వాళ్ళలో పెద్దామెది మడకశిర పక్కన ఒక పల్లె. ఇంట్లో కన్నడం, బయట తెలుగు మాట్లాడేది. నన్ను అన్నా అనేది, నేను ఆమెను అక్కా అనేవాణ్ణి. ఇద్దరిలో ఎవరు పెద్దో మేమెప్పుడూ తేల్చుకోలేదు. డాక్టరమ్మ చెప్పిందంతా విని, ఎనభై మూడు మంది నడుమలో మానేశారన్న దగ్గర ఆమె లేచి నిలబడింది.

"ఎవరు మానేసింది? మా ఊర్లో పదిమందికి గీత కొట్టినారు. పదిమందీ నాకు తెలుసు. వాళ్ళు యాడికి పోయినారో ఎవరన్నా అడిగినారా?"

మూడు నెలలు రాలేదు కదక్కా, నియమం ప్రకారం గీత పడింది అన్నాను.

"ఏడో నెల పెట్టినంక పుట్టినింటికి పోతారన్నా. బిడ్డకు ఐదో నెల వచ్చినంక వస్తారు. నీ పెండ్లాము మొదటి కాన్పు యాడ చేసుకున్నె?"

"గుత్తిలో. వాళ్ళమ్మగారింట్లో."

"ఎన్ని నెల్లు ఉండె ఆడ?"

వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఎనిమిది.

"అయితే ఆయమ్మకూ కొట్టప్పా గీత."

గదిలో అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు. నేను మాత్రం తల వంచుకుని నా రిజిస్టరు వైపే చూస్తూ కూర్చున్నాను. నా భార్యను గుత్తి బస్సెక్కించింది నేను. ఆ ఎనిమిది నెలల్లో నెలకోసారి ఆదివారాలు వెళ్ళి చూసొచ్చింది నేను. మా వైపు మొదటి కాన్పు పుట్టింట్లోనే జరుగుతుందని పుట్టిన దగ్గర్నుంచీ తెలిసిన మనిషిని. అయినా పేజీ గీసేటప్పుడు ఆ సంగతి తట్టలేదు. ఊపిరి పీలుస్తున్నామని ఎవరూ కాగితం మీద రాసుకోరు, అలా మర్చిపోయాను. బయటివాడు ఎవరైనా గీసి ఉంటే, ఇక్కడ కాన్పులు ఎక్కడ జరుగుతాయని ముందుగా అడిగి ఉండేవాడు. నేను ఇక్కడివాణ్ణి కాబట్టి అడగలేదు.

తప్పు నాదేనని ఆ సమావేశంలోనే లేచి చెప్పాను. ఆ గీతలు పడినవాళ్ళు నిజంగా మానేశారో, వేరేచోట సూదులు వేయించుకున్నారో వెతికి తెస్తానని, సమయం ఇవ్వమని అడిగాను. సారు తన నివేదిక ఇవ్వడానికి ఆరు వారాలు ఉందని, కాగితం చూపిస్తేనే ఒప్పుకుంటానని, నోటిమాట పనికిరాదని చెప్పాడు.

మొదటి పని ఆఫీసులోనే మొదలుపెట్టాను. పదకొండు పుస్తకాలూ నేల మీద పరిచి, గీత పడిన ప్రతి పేజీనీ మిగతా పది పుస్తకాలతో పోల్చాను. అక్క పక్కన కూర్చుని ఎవరి పుట్టిల్లు ఏదో చెబుతూ వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఒక సంగతి తెలిసింది. మా పదకొండు ఊళ్ళలోనే ఒక ఊరి పిల్లను ఇంకో ఊరికి ఇచ్చిన ఇళ్ళు చాలా ఉన్నాయి. అత్తగారి ఊరి పుస్తకంలో ఆ పిల్ల ఫలానావాని భార్య. పుట్టింటి ఊరి పుస్తకంలో ఫలానావాని కూతురు. ఏడో నెలలో వెళ్ళిపోయింది కాబట్టి ఇక్కడ గీత. బిడ్డతో తిరిగొచ్చేసింది కాబట్టి అక్కడ గీత. అన్నీ సరిగ్గా చేయించుకున్న పిల్లను నేను రెండుసార్లు మానేసినట్టు రాశాను. అలాంటివాళ్ళు ఇరవై ఇద్దరు. ఎనభై మూడు గీతల్లో నలభై నాలుగు వాళ్ళవే. అంటే గీతలు ఎనభై మూడైనా మనుషులు అరవై ఒక్కరే.

మిగిలిన ముప్పై తొమ్మిది మంది పుట్టిళ్ళు మా పదకొండు ఊళ్ళ బయట ఉన్నాయి. కొన్ని మడకశిర చుట్టుపక్కల, కొన్ని కర్ణాటక సరిహద్దు అవతల, నాలుగు గుత్తి వైపు. తిరిగొచ్చిన పిల్లలను అత్తగారి ఊళ్ళలోనే పట్టుకున్నాం. ఇంకా పుట్టిళ్ళలోనే ఉన్నవాళ్ళ కోసం బస్సులెక్కాను. సంచిలో తెల్ల కాగితాలు, రెండు పెన్నులు, ఒక కార్బన్ కాగితం. చీటీ కనిపిస్తే దాని మీది ప్రతి తేదీ రాసుకుని, ఇంట్లో పెద్దవాళ్ళ చేత సంతకమో వేలిముద్రో తీసుకోవాలి.

మొదట్లో తలుపులు తెరిచేవాళ్ళు కాదు. నలభై దాటిన మగవాడు సంచి భుజాన వేసుకుని వచ్చి మీ అమ్మాయి కాన్పు ఎప్పుడైందని అడిగితే ఎవరు మాత్రం చెబుతారు? గుత్తి దగ్గర పల్లెలో ఒక ముసలామె గడపకు అడ్డంగా చేట పెట్టుకుని కూర్చుంది.

"ఆపరేషనోల్లా మీరు?"

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించేవాళ్ళం కాదన్నాను. చీటీ చూడడానికి వచ్చానన్నాను.

"ఆడోళ్ళ కాన్పు ఎప్పుడైతే నీకేంటికప్పా? నీ ఇంట్లో ఆడోళ్ళు లేరా?"

అది నిజమే అనిపించింది. ఆ సాయంత్రం బస్సులోనే అనంతపురం తిరిగొచ్చి మర్నాడు నా భార్యను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. గుత్తి ఆమె పుట్టినూరు కాబట్టి ఆ ముసలామె నా భార్యను చూడగానే ఎవరి కూతురివని అడిగింది, మేనత్త వరుస ఒకటి పట్టుకుంది, మజ్జిగ ఇచ్చింది. నన్ను బయట అరుగు మీదే కూర్చోబెట్టారు. కాసేపటికి రేషన్ కార్డు పెట్టుకునే రేకు డబ్బాలోంచి చీటీ బయటికొచ్చింది. మా ఊళ్ళో ఏడో నెల దాకా పడిన సూదులు మా వాళ్ళ చేతిరాతలో ఉన్నాయి. ఆ కిందివన్నీ గుత్తి ఆసుపత్రి నర్సు చేతిరాతలో ఉన్నాయి. కాన్పు తేదీ, బిడ్డ బరువు, బిడ్డకు మూడు సూదులు, ఏ గడీ ఖాళీ లేదు.

"ఈ చీటీ పట్టుకోని పోతే చాలు, ఇంగేమీ అడగకుండా వరసగా రాసిచ్చినారు" అంది ముసలామె లోపలినుంచి. "లేకుంటే ఎన్ని సూదులైనాయో, ఎన్ని ఉండాయో మాకేం తెలుసు?"

అరుగు మీద కూర్చున్నవాణ్ణి ఆ మాట విని నిటారుగా అయ్యాను. రెండేళ్ళూ మేము ఆ చీటీని మా ఊళ్ళలో పనికొచ్చే వస్తువనే అనుకున్నాం. అది మా చేతులు దాటాక కూడా పని చేస్తూనే ఉంది. దాని ఖర్చు మా లెక్కలో ఉంది, అది తెచ్చిన మేలు లేదు. మా లెక్కలోని అసలు లోటు అదే.

అన్ని ఇళ్ళూ అలా లేవు. సరిహద్దు అవతల ఒక ఊళ్ళో, అక్క నాతో వచ్చిన రోజు, ఒక పిల్ల మా ముందు కూర్చుని చీటీ లేదని చెప్పింది. పుట్టింటికి బయల్దేరేటప్పుడు అత్త దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసిందట. పిల్ల దగ్గర ఉంటే పోగొడుతుందని భయమట. చీటీ లేకపోవడంతో ఆమెకు ధనుర్వాతం రాకుండా వేసే రెండో సూది పడలేదు. బిడ్డ తొమ్మిదో రోజు పోయింది. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల తన కాలి మెట్టెను తిప్పుకుంటూ ఉంది. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు అక్క, ఈ ఊరు మనది కాదు కదా, దొరకని వాళ్ళల్లో రాసెయ్యన్నా అంది. నేను కాగితం తీసి, చీటీ ఆమెతో పంపలేదు, అందలేదు అని రాశాను. అక్క దాన్ని నాచేత చదివించుకుని, పెన్ను అడిగి, కింద తన పేరు రాసింది. ఆమెకు రాయడం వచ్చింది పేరు ఒక్కటే.

నాలుగు వారాలకు అరవై ఒక్కరి లెక్క తేలింది. రెండు గీతలు పడిన ఆ ఇరవై ఇద్దరితో కలిపి అన్నీ అందినవాళ్ళు నలభై నాలుగు మంది. అందనివాళ్ళు, ఎంత తిరిగినా దొరకనివాళ్ళు కలిపి పదిహేడు మంది. దొరకనివాళ్ళు బెంగుళూరు కూలికి పోయారని విన్నాను. కాగితం లేదు కాబట్టి వాళ్ళను అందనివాళ్ళ కిందే వేశాను. నూట పదమూడు కాస్తా నూట యాభై ఏడైంది. తల్లికి పడిన ఖర్చు మళ్ళీ కట్టి చూస్తే, పాత పద్ధతి కంటే ఐదోవంతు తక్కువ వచ్చింది. ఆఫీసులో అందరికీ టీ తెప్పించారు. అక్క ఆ రోజు మడకశిర నుంచి మైసూరుపాకు తెచ్చింది.

టీ తాగుతుండగానే నాకు ఇంకో సంగతి తట్టింది. పాత పద్ధతి నడిచిన పది ఊళ్ళ రిజిస్టర్లు గీసింది కూడా నేనే. అక్కడా అదే ఎర్ర గీత నియమం. అక్కడి ఆడపిల్లలూ కాన్పుకు పుట్టిళ్ళకే వెళ్తారు. మా వాళ్ళను మాత్రం ఇల్లిల్లూ తిరిగి వెతికి తెచ్చి, వాళ్ళను వెతక్కపోతే అది రెండు కొలతలతో కొలిచినట్టు. ఒక గుంతకు లోతు కొలిచి, పక్క గుంతకు కొలవకుండా రాయడం నాకు చేతకాదు.

ఆ మాట బయటికి అనగానే అక్కకు కోపం వచ్చింది.

"ఏమప్పా, మన నోట్లో మనమే మన్ను పోసుకోవల్లా? ఆ సారు అడగల్యా. ఎవరూ అడగల్యా. ఇంగ రెండు వారాల్లో ఆయప్ప వస్తాండాడు. నువ్వు బస్సులెక్కి పోయి వాళ్ళ లెక్క పెంచుకోని వస్తావా? మేమంతా కూలికి పోవల్లా?"

ఆమె ఇంటి సంగతి నాకు తెలుసు. అరెకరం మెట్ట, వర్షం లేని ఏడు. ఆ కార్యకర్త పని లేకపోతే ఆమె బెంగుళూరు బస్సెక్కాలి. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి వెళ్ళమంటారా వద్దా అని అడిగాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"సగం లెక్క రాసి ఇవ్వడం నీకు చేతనవుతుందా?"

"చేతకాదమ్మా."

"మరి నన్ను అడుగుతావేం?"

ఆ రెండు వారాలూ పాత పద్ధతి ఊళ్ళలో తిరిగాను. అక్క నాతో మాట్లాడలేదు. కానీ మూడో రోజు పొద్దున మడకశిర బస్టాండులో సంచి పట్టుకుని నిలబడి ఉంది. నేను ఒక్కణ్ణే వెళ్తే ఆడవాళ్ళు అసలు చెప్పరని, చెప్పకపోతే లెక్క తప్పొస్తుందని, తప్పు లెక్క ఎవరికి కావాలని బస్సు కండక్టరుతో అంది. నాతో కాదు.

ఆ ఊళ్ళలో చీటీలు లేవు. పిల్లలకు ఒక కాగితం, తల్లులకు ఒక కాగితం, అవీ సగం ఇళ్ళలో కనిపించలేదు. అయినా మాకు పెట్టుకున్న నియమమే వాళ్ళకూ పెట్టాను. కాగితమో, ఆసుపత్రి రిజిస్టరో కనిపిస్తేనే వేసుకున్నాను. పుట్టింటికి వెళ్ళినవాళ్ళలో తొమ్మిది మందికి అన్నీ అందినట్టు తేలింది. పాత పద్ధతిలో అన్నీ అందిన తల్లుల లెక్క తొంభై నుంచి తొంభై తొమ్మిదైంది. మిగతావాళ్ళకు నడుమలో ఆగిపోయాయి. కొత్త చోట ఏవి పడ్డాయో, ఏవి మిగిలాయో చెప్పే కాగితం వాళ్ళ చేతిలో లేకపోవడమే కారణమని ఒక్కొక్క ఇంట్లో వింటూ వచ్చాను. మా మేలు ఐదోవంతు నుంచి ఎనిమిదోవంతుకు తగ్గింది. తగ్గిన ఆ లెక్క చూస్తే నాకు ధైర్యం వచ్చింది. దాన్ని ఎవరు ఎటునుంచి లాగినా కదలదని తెలిసింది.

ఆ ఊళ్ళలోనే ఒక తల్లి అక్కతో అన్న మాట ఇంకొకటి నా కాగితం మీదికి వచ్చింది. సూదికి ఒక దినం, మామ మందుకు ఒక దినం, తన పరీక్షకు ఒక దినం, నెలకు మూడు దినాల కూలి పోతోందని, అది ఎవరి పుస్తకంలో రాస్తారని అడిగింది. ఎవరి పుస్తకంలోనూ లేదు. ఖర్చంటే సంస్థ పెట్టిన ఖర్చే అని అందరమూ అనుకున్నాం. అప్పటినుంచి వెళ్ళిన ప్రతి ఇంట్లో, దారిలో ఆగిన మా చీటీ ఊళ్ళ ఇళ్ళలోనూ, పోయిన కూలి దినాలు అడిగి విడిగా ఒక గడిలో రాశాను. దాన్ని మిగతా లెక్కతో కలపలేదు. సారు నన్ను ఆ పని అడగలేదు కాబట్టి పక్కన పెట్టి చూపించాలనుకున్నాను.

సారు వచ్చిన రోజు నా కాగితాలన్నీ బల్ల మీద పెట్టాను. ఒక పూటంతా చదివాడు. తర్వాత కళ్ళు మూసుకుని కట్టలోంచి పది కాగితాలు లాగి, జీపులో తానే స్వయంగా ఆ పది ఇళ్ళకూ వెళ్ళాడు. నన్ను రావద్దన్నాడు. రెండు రోజులు నేను ఆఫీసులో కూర్చుని పెన్సిళ్ళు చెక్కాను. తిరిగొచ్చి, తొమ్మిది సరిపోయాయని, పదోదాంట్లో ఒక సూది తేదీ నెల తేడా ఉందని చెప్పాడు. ఆ నెల తేడా నన్ను వారం రోజులు పీడించింది. ఇప్పటికీ ఆ ఇల్లు గుర్తుంది.

అప్పుడు సారు పాత ఊళ్ళ కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ ఊళ్ళు కూడా తిరగమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్."

"ఈ ఊళ్ళ లెక్క ఏదని మొదట అడగాలనుకునే వచ్చాను" అన్నాడు. "మీరు మీ ఊళ్ళ లెక్కే తెచ్చి ఉంటే, మొత్తం పక్కన పెట్టి నా పాత అంకెతోనే వెళ్ళిపోయేవాణ్ణి."

అక్క గోడ దగ్గర నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, డాక్టరమ్మను మంచినీళ్ళు కావాలా అని అడిగింది.

నెల తర్వాత నివేదిక వచ్చింది. కలిపి చూసే పద్ధతి ఖర్చుకు తగిన మేలు చేస్తోందని, పాత పది ఊళ్ళలోనూ అదే పెట్టాలని, తల్లుల చీటీ ఆ మేలులో ముఖ్యమైన భాగమని అందులో రాసి ఉంది. కూలి దినాల గడి చివర్లో విడిగా అచ్చయింది. డాక్టరమ్మ ఆ పేజీలను తెలుగులో గట్టిగా చదివి వినిపించింది. కార్యకర్తలందరి పనులూ నిలబడ్డాయి. రిజిస్టర్లు మార్చే పని మాత్రం నాకు మిగిలింది.

కొత్త పేజీలో ప్రతి తల్లికీ రెండు ఊళ్ళ వరుసలు గీశాను. పైన అత్తగారి ఊరు, కింద పుట్టిన ఊరు. మొగుడి పేరు, తండ్రి పేరు రెండూ ఉండాలి. రెండు ఊళ్ళ నుంచీ కబురు అందకుండా ఎర్ర గీత కొట్టకూడదు. గీత కొట్టేవాళ్ళు కారణం కూడా రాయాలి. ఇక చీటీ సంగతి అక్కే చూసుకుంది. మా వైపు కడుపుతో ఉన్న పిల్లను పుట్టింటికి పంపేటప్పుడు ఒడిలో బియ్యం, తమలపాకులు, పసుపుకుంకుమ పోస్తారు. అక్క తన ఊళ్ళో ఆ వేళకు వెళ్ళి, ముత్తయిదువలు బియ్యం పోయడం అయ్యాక, చీటీని తానే ఆ ఒడిలో పెట్టడం మొదలుపెట్టింది. ఒడిలో పడినదాన్ని అత్త తీసి పెట్టెలో పెట్టుకోదు. పోను పోను మిగతా ఊళ్ళ కార్యకర్తలూ అదే చేశారు. ఎవరూ వాళ్ళకు చెప్పలేదు, ఏ సర్క్యులరూ వెళ్ళలేదు.

రెండు వేల సంవత్సరం తర్వాత ఇతర సంస్థల నుంచి, పక్క జిల్లాల నుంచి కూడా రిజిస్టర్లు రాసేవాళ్ళు నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చారు. డిగ్రీలు చదివినవాళ్ళు, కంప్యూటరు తెలిసినవాళ్ళు. పదో తరగతి మనిషి ఏం చెబుతాడోనని మొదటి గంట కొంచెం వంకరగా కూర్చునేవాళ్ళు. నేను కూడికలు చెప్పేవాణ్ణి కాదు. మీ ఊళ్ళో మనుషులు ఎప్పుడు, ఎందుకు ఇల్లు వదిలి వెళ్తారో ముందు రాసుకురండి, గడులు తర్వాత గీద్దాం అనేవాణ్ణి. మధ్యాహ్నానికి అందరూ రాస్తూ ఉండేవాళ్ళు.

ఇరవై ఒక్క ఊళ్ళ కొత్త రిజిస్టర్లకు మొదటి సంవత్సరం నిండినప్పుడు గీతలు లెక్కపెట్టాను. ఏడు. రెండోసారి లెక్కపెట్టాను. ఏడే. ఎదురుగా కారణాలు రాసి ఉన్నాయి. ఇద్దరు బెంగుళూరు వెళ్ళిపోయారు, ఒకామె కాన్పులో చనిపోయింది, నలుగురు వద్దన్నారు. కాగితం మీద ఆ ఏడు చాలా చిన్న అంకె. ఆ ఏడు ఇళ్ళకూ నేను వెళ్ళి వచ్చాను.